చాచా పేనిన తంతి

"మీ చాచా పోయిండు బిడ్డా," అంది చాచీ ఫోన్‌లో. "చాయ్ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే పోయిండు." గురువారం పొద్దున ఆఫీసుకు తయారవుతూ విన్న మాట ఇది. ఏ చాచా అని అడిగాను వెర్రిదానిలా. నాకున్నది ఒక్క చాచానే. నాలుగు రోజుల కిందట నా ఎదుట నిలబడ్డ మనిషి. శుక్రవారం ఆయన్ని కలిసి ఒక మాట చెప్పుకోవాలి నేను. ఆ ఒక్క రోజు ఆగలేదాయన.

అత్తాపూర్‌లో మేం నలుగురం కలిసి బరోక్ సంగీతం వాయిస్తాం. మూడు వందల ఏళ్ల నాటి యూరప్ పాటలు, ఆ కాలపు తరహా వాద్యాల మీదే. నా ఫిడేలుకు ఉక్కు తీగలు పనికిరావు, మేక పేగుతో పేనిన తంతులే కావాలి. విదేశాల నుంచి తెప్పించినవి మన ఎండకు, మన ముసురుకు నిలిచేవి కావు. కొత్వాల్‌గూడలో ఒక పెద్దాయన ఒకప్పుడు పరుపులకు వింటితో దూది ఏకేవాడని, ఆ వింటికి పేగు తంతి తనే పేనుకునేవాడని ఎవరో చెబితే వెతుక్కుంటూ వెళ్లాను. యంత్రాలొచ్చాక ఆయన విల్లు అటకెక్కింది. నా మాట విని పడీపడీ నవ్వాడు. "దూదికి, ఫిడేలుకు సుట్టరికం కలుపుతున్నవా ఏంది?" అన్నాడు.

మొదటి తంతి రంపంలా గీసింది. రెండోది మూలిగింది. మూడోది వాయించి నేను తలెత్తితే ఆయన నా ముఖం చూడటం లేదు, నా వేళ్లనే చూస్తున్నాడు. అప్పటి నుంచి మా నలుగురికీ చాచా అయిపోయాడు. రిహార్సల్‌కి వస్తే కుర్చీ వేసినా చాప మీదే కూర్చునేవాడు. ఇంత పాత పాట ఎవరి ఇంట్లో దాచిపెట్టారని ఆటపట్టించేవాడు. మేం తొందరపెడితే మాత్రం, "పేగు పేగే బిడ్డా, దాని పొద్దు దానికుంటది," అని మరో మాట లేకుండా పనిలో పడేవాడు.

మొన్న ఆదివారం శంషాబాద్‌లో మా కచేరీ. మా శ్రుతి ఇప్పటి శ్రుతి కంటే అర మెట్టు కింద ఉంటుంది. సాయంత్రాలు పిల్లలకు మామూలు ఫిడేలు నేర్పుతాను కదా, నా ఫోన్‌లో శ్రుతి చూసుకునే యాప్ ఇప్పటి మెట్టు మీదే ఉండిపోయింది. హడావుడిలో చూసుకోలేదు. దాని ప్రకారం బిగించుకుంటూ పోతే, వేదిక ఎక్కబోయే ముందు పై తంతి ఫట్‌మని తెగింది. అందరూ చూస్తుండగా, మాతో వచ్చిన చాచాని అనేశాను: "మిమ్మల్ని నమ్ముకుని వచ్చాం చాచా. ఇదా మీ పని?"

ఆయన వంగి తెగిన ముక్క ఏరుకుని జేబులో వేసుకున్నాడు. "ఇంకోటి పేనుత బిడ్డా," అన్నాడు. అంతే. పాత తంతి ఒకటి కట్టుకుని కచేరీ కానిచ్చాను.

సోమవారం పాఠానికి ఫోన్ తీస్తే నా తప్పు కనబడింది. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడే ఫోన్ చేయొచ్చు, చేయలేదు. ఎదురుగా చెబితే మర్యాద అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి నాకు నామోషీ.

నేను కొత్వాల్‌గూడ చేరేసరికి మగవాళ్లు ఆయన్ని తీసుకుపోయారు. ఆఖరి చూపు కూడా దక్కలేదు. ఆయనకు చెప్పాల్సిన మాట చాచీ చెయ్యి పట్టుకుని చెప్పాను. తంతి మంచిదే చాచీ, తప్పు నాదే అని.

"ఆయనకు ఎర్కనే," అంది చాచీ. "తెగిన కొస సూస్తే తెల్వదా? పిల్ల జర ఎక్కువ బిగించింది, నలుగుర్ల చెప్తే చిన్నబోతదని ఊకున్న అన్నడు."

నాకు ఏడుపు రాలేదు. చాచీ చెయ్యి వదిలి బయటికి వచ్చాను.

రేకుల వసారాలో రెండు మేకుల మధ్య కొత్త తంతి బిగించి ఉంది. బుధవారం సాయంత్రం పేనాడట. ఇంకా పచ్చిగానే ఉంది. దారికి అడ్డమని ఎవరో విప్పబోతే చాచీ ఆపింది. పరామర్శకు వచ్చినవాళ్లు ఒక్కొక్కరూ తల వంచి, దానికి తగలకుండా, కింద నుంచి లోపలికి పోతున్నారు.