మంచు ఊళ్లో మా అరుగు

మా అమ్మాయి సుజాత వీడియో గేముల కంపెనీలో పనిచేస్తూ, ఆ ఆటల్లో ఊళ్లు కడుతుందండీ. ఈసారి నార్వే ఇళ్ల పద్ధతిలో మంచు ఊరు కట్టింది. ఏటవాలు కప్పులు, వాటి మీద గడ్డి, చూరు కొనల్లో చెక్కిన డ్రాగన్ తలలు! నరసాపురంలో నలభై ఏళ్లు తలుపులూ కిటికీలూ చేసిన నాకే కన్ను కుట్టింది. అయినా వాళ్ల పెద్దసారు రెండుసార్లు తిప్పి పంపారట, ఇళ్లున్నాయి గానీ ఊరికి కళ లేదని.

పొద్దున్న దిగులుగా నాకు చూపించింది.

"ఒక్క ఇంటికీ అరుగు లేదేంటమ్మా?" అన్నాను.

"అక్కడ మంచు నాన్నా! బయట కూర్చుంటే బిగుసుకుపోతారు."

"కూర్చునేవాడు ఎక్కడైనా కూర్చుంటాడు. నువ్వు వెయ్యి."

నా పోరు పడలేక ఒక ఇంటికి చెక్క అరుగు వేసి, దారినపోయే వాళ్లందరినీ పలకరించే మీసాల ముసలాయన్ని కూర్చోబెట్టింది. సాయంత్రం ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, ఊరు ఓకే అయిపోయిందని! పెద్దసారు ఆ ముసలాయన దగ్గరే పావుగంట ఆగిపోయారట. నా ఆనందం ఏం చెప్పమంటారు!

ఆ మీసాలు నావేనండీ. మా ఆవిడ బొమ్మని పరీక్షగా చూసి, "అక్కడా పనీపాటా లేకుండా అరుగెక్కేశారా?" అంది.

ఊరు నిలబెట్టినవాణ్ణి పట్టుకుని పని లేదంటుందేంటండీ? మీరే తీర్పు చెప్పండి!