పరువు తీసిన రాగి

ఒక్క ఎలక్ట్రాను మనిషి కొంప ముంచుతుందంటే మీరు నమ్మరు. నా కొంప నిలువునా ముంచింది, వినండి.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, సిరిసిల్లలో ఇంటిపట్టున రెండేళ్లు ఖాళీగా కూర్చున్నాక, కోరుట్లలో ఒక జూనియర్ కాలేజీ వాళ్లు డెమో క్లాసుకు పిలిచారు. నచ్చితే లెక్చరర్ ఉద్యోగం. నేను బస్సెక్కకముందే అమ్మ వాడంతా తిరిగి "మా పిలగాడు లెక్చరరయిండు" అని చెప్పేసింది.

పరమాణువులో ఎలక్ట్రాన్లు ఏ గదిలో ఎన్ని నింపాలన్నది నా పాఠం. బోర్డు మీద బాణాలు గీస్తే సరిపోయేది. నాకు తెలివి ఎక్కువ కదా! నేత ఇంటివాణ్ని, నూలు చుట్టిన కండెలనే ఎలక్ట్రాన్లుగా చూపిద్దామనుకున్నాను.

"ఇరవై తొమ్మిది కండెలా? ఇయ్యాల సాంచ ఆపాలె గదరా!" అన్నాడు మరమగ్గం నడిపే నాన్న.

"రాగికి గన్ని కావాలె నాయినా. ఉద్యోగం వస్తది."

పాపం, మగ్గం ఆపి ఇచ్చాడు. నూటికి పైగా మూలకాలుండగా రాగినే ఎంచుకున్నానంటే, దాన్ని ఖర్మ అనక ఏమంటారు?

క్లాసులో బల్ల మీద గళ్లు గీసి కండెలు పేర్చాను. చివరికి ఫోర్ ఎస్ అనే గదిలో రెండు, త్రీ డీ అనే గదిలో తొమ్మిది పెట్టి మీసం దువ్వాను. ముందు బెంచీ అమ్మాయి లేచింది.

"సార్, త్రీ డీల పది, ఫోర్ ఎస్‌ల ఒకటే ఉంటది."

"రూలు ప్రకారం ముందు ఫోర్ ఎస్ నిండాలె గదమ్మా."

"నిండుతది సార్. అండ్లకెల్లి ఒకటి డీలకు పోతది. పది నిండితె గట్టిగుంటది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చెప్పలేక ఆ పిల్లదే తప్పన్నాను. "బస్సుల సీటు దొరికినోడు లేసి పోతడా?"

"పక్క సీట్ల దోస్తులుంటె పోతడు సార్!"

క్లాసు గొల్లుమంది. కండెలు ఏరుకుంటుంటే, ఆగిన మగ్గం గుర్తొచ్చి నిజంగా ఏడుపొచ్చింది. వెనక కూర్చున్న ప్రిన్సిపాల్ గారు దగ్గరికొచ్చి భుజం తట్టారు.

"రేపటి సంది రా."

ప్రాణం లేచొచ్చింది. "ఎన్ని గంటలకు సార్?"

"ఫస్టియర్ క్లాసు తొమ్మిదింటికి. గా పిల్ల ఎనక బెంచి ఖాళీగుంది, కూసొని రాసుకో."

ఇంటిదేవుడి సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఎవరు ఎంత బతిమాలినా సరే, ఇరవై ఎలక్ట్రాన్లు దాటిన ఏ మూలకం ముఖమూ ఈ జన్మలో చూడను!