చాచా క్యారియర్

పటాన్‌చెరులో పాత పుస్తకాల బండి మీద దొరికింది ఆ పుస్తకం. పన్నెండు అపరాధ పరిశోధన కథలు, అన్నిటికీ ఒకడే హీరో. పనీపాటా లేని జమీందారు, సిల్కు కండువా, సొంత కారు. ఎవరింట్లో ఏది పోయినా పిలవకుండానే దిగుతాడు, ముఖాలు చూసి దొంగను పట్టేస్తాడు. చివర్లో దొంగ తల దించుకుని తప్పు ఒప్పుకుంటాడు. సంగారెడ్డి నుంచి కంపెనీ బస్సులో రోజూ అవే చదివి, నా బుర్ర కూడా అంత చురుకైనదే అనుకున్నాను. నా మొహం.

ఆ నెలలోనే మా మందుల ఫ్యాక్టరీ స్టోర్‌లో ఇత్తడి వాల్వులు కనిపించకుండా పోయాయి. నా కళ్లు చాచా మీద పడ్డాయి. చాచాది కర్దనూర్, కాంట్రాక్టు ఫిట్టరు, నాకు పని నేర్పినవాడు. పది రోజులుగా మాతో టీ తాగడం లేదు. క్యాంటీన్లో కూర్చుని తినడం లేదు. పొద్దున ఖాళీగా వచ్చే టిఫిన్ క్యారియర్ సాయంత్రం బరువుగా వెళ్తోంది. షిఫ్టు అయిందో లేదో గేటు వైపు పరుగు. ఇంకేం ఆధారం కావాలి? సూపర్‌వైజర్ చెవిన వేశాను.

ఆ సాయంత్రమే గేటు దగ్గర అందరి ముందూ క్యారియర్ విప్పించారు. అన్నం, పప్పు, అరటిపండు. క్యాంటీన్ భోజనం.

"రంజాన్ల జరమొచ్చి కొన్ని రోజాలు పోయినయ్ సార్. గవి ఇప్పుడు ఉంటున్న. నా వంతు బువ్వనే, పొద్దుగూకినంక ఇంట్ల తింట," అన్నాడు చాచా. "నన్నడిగితే చెప్తుంటి కద."

రంజాన్ అయిపోయి రెండు నెలలైంది. తప్పిపోయిన రోజాలకు బదులు ఇప్పుడు ఉపవాసం ఉంటున్నాడన్నది నా పరిశోధక బుర్రకు తట్టనేలేదు. క్యాంటీన్ తిండి గేటు దాటకూడదన్నది రూలు. రేపటి నుంచి రావద్దన్నాడు కాంట్రాక్టరు.

వారానికి వాల్వులు దొరికాయి. పక్క ప్లాంటుకు పంపి, ఆ సంగతే మరిచిపోయారట. చాచాను మళ్లీ పిలుద్దామంటే సూపర్‌వైజర్ "ఇగ ఇడ్సిపెట్టు" అన్నాడు. విడిచిపెట్టాను, సిగ్గులేనివాణ్ణి.

ఒక ఆదివారం కర్దనూర్ వెళ్లాను. తప్పు ఒప్పుకోవాలనే వెళ్లాను. చాచా కుర్చీ వేశాడు, టీ తెచ్చి తనూ తాగాడు. రోజాలు పూర్తయ్యాయట. పని మాత్రం ఎక్కడా దొరకలేదట.

"ఎవలు చెప్పిన్రో నీకేమన్న ఎర్కేనా బేటా?" అని అడిగాడు.

"తెల్వదు చాచా," అన్నాను.

"పోనీ తియ్. నువ్వొక్కనివన్న వచ్చినవ్," అంటూ నా కప్పులో ఇంకొంచెం టీ పోశాడు.