ఎత్తితే పలికే ఎర్రఫోను

అచ్యుతాపురంలో నేను పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర గోడకి ఒక ఎర్రఫోను ఉంది. దాంతో నంబరు నొక్కే పని లేదు. ఎత్తితే చాలు, లోపల డిస్పెన్సరీలో మోగుతుంది. నా భర్త ఆ గేటుకి వాచ్‌మన్. నేను క్యాంటీన్లో గిన్నెలు తోముతాను. అప్పట్లో ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. జీతానికి వేలిముద్రలే.

ఆయనకి ఆ ఫోనంటే మహా ముచ్చట.

"నీకంటే దీనికే బుద్ధెక్కువే. సెప్పకుండానే ఎక్కడికెళ్లాలో తెలుసు," అనేవాడు.

"అయితే దాన్నే కట్టుకోనేకపోనావా?"

"కట్టుకుందును. సేపల పులుసెట్టదు గదా!"

ఒకసారి ఫ్యాక్టరీ ఫోన్లకి కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించారు. ఆఫీసు బల్లల మీదివన్నీ ఎప్పటిలాగే పలికాయి. గేటు ఫోను ఎవరికీ గుర్తు రాలేదు. ఆ ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. డిస్పెన్సరీలో నర్సు మాత్రం ఉంది. మధ్యాహ్నం ఆయనకి గుండెల్లో నొప్పి వచ్చింది. డ్యూటీలో సెల్‌ఫోను పట్టుకుంటే తిడతారని ఇంట్లోనే వదిలి వెళ్లేవాడు. ఎర్రఫోను ఎత్తాడు. అది ఎక్కడికీ పోలేదు. నంబరు నొక్కమని కూ అంటూ కూర్చుంది. నంబర్ల కాగితం కళ్లెదురుగా అంటించే ఉంది. ఆయనకి అది ఉత్త కాగితం.

ముందుగా చూసింది రెండో గేటు వాచ్‌మన్. మా ఆయన్ని బావా అనేవాడు.

"బావ రిసీవరు సెవి కాడే ఎట్టుకున్నాడక్కా. ఎవులో పలుకుతారనే సూస్తన్నట్టున్నాడు," అంటూ నా ముందు కూలబడి ఏడ్చాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

రుషికొండ నుంచి ఫోన్ల ఇంజనీరు వచ్చాడు. నెరిసిన తల, మంచి మనిషే. దాచకుండా చెప్పాడు.

"సాఫ్ట్‌వేరు మార్చే ముందు ఏ ఫోను ఎక్కడ మోగాలో అంతా డేటాబేసులో దాస్తామమ్మా. మార్చాక అందులోంచే మళ్లీ ఎక్కిస్తాం. ఎర్రఫోనుది మాత్రం ఎవరో ఎప్పుడో నేరుగా మెషీన్లోనే పెట్టారు. డేటాబేసులో లేదు. కొత్తది ఎక్కగానే చెరిగిపోయింది."

"మరి ఒక్కసారి ఎత్తి సూడ్నేదా బాబూ?"

"చూడలేదమ్మా," అన్నాడు.

వెంటనే ఫోను కలిసుంటే బతికేవాడా అని డాక్టర్ని అడిగాను. చెప్పలేనన్నాడు. చెప్పలేడని నాకూ తెలుసు. అయినా అడిగాను.

తర్వాత చర్చి వెనక గదిలో పెద్దవాళ్లకి చదువు చెప్తున్నారంటే వెళ్లాను. టీచరమ్మ పలక మీద అ రాసింది.

"అదాగనీమ్మా. ముందు అంకెలు సెప్పు," అన్నాను. డిస్పెన్సరీ నంబరు రాయడం వచ్చాకే అ దిద్దాను. ఇంత రాయగలుగుతున్నానంటే ఆ నంబర్ల కాగితం వల్లే. సంతోషంగా నేర్చుకున్న చదువు కాదు.

ఇప్పుడు ఎర్రఫోను కూడా డేటాబేసులో ఉంది. సాఫ్ట్‌వేరు మార్చిన ప్రతిసారీ ఇంజనీరు, "భయం లేదమ్మా, అంతా భద్రంగా ఉంది," అంటాడు.

"ఉంటే ఉండనీ," అని గేటు దగ్గరికి వెళ్లి ఎత్తుతాను.

"హలో, డిస్పెన్సరీ. ఎవరికేమైంది?" అంటుంది నర్సు.

ఆ మాటకి జవాబు చెప్పడానికి నాకు ప్రతిసారీ కాస్త ఆలస్యమవుతుంది.

"ఎవులికీ ఏటవ్వనేదమ్మా," అని పెట్టేస్తాను.