ముందు కాడి దింపాలి

1994లో చోడవరంలో, చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే రోడ్డు పక్కనున్న చిన్న క్లినిక్‌లో నేను నర్సుని. క్రషింగ్, అంటే చెరకు ఆడే సీజనులో, ఎడ్లబళ్ళు మా గుమ్మం ముందే బారులు తీరేవి. తూకానికి వంతు వచ్చేదాకా రైతు బండి వదలడు. వదిలితే వంతు పోతుంది, ఆలోగా చెరకు ఎండి బరువు తగ్గుతుంది. అందుకే వేలు తెగినవాడు కూడా కట్టు కట్టించుకుంటూ బండివైపే చూసేవాడు.

ఒక ఉదయం బుచ్చయ్యపేట వైపు రైతు అప్పలనాయుణ్ణి వెనక బండి రైతు సన్యాసిరావు పట్టుకొచ్చాడు. చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళంతా చెమట. పల్స్, అంటే నాడి, పరుగెడుతోంది. డాక్టరుగారు బీపీ చూశారు, గుండె నడకని కాగితం మీద గీసి చూపే ఈసీజీ తీశారు. "గుండె గట్టిదే" అని తేల్చారు.

"గుండెకేటైంది బాబూ! ఇది సిల్లంగి" అన్నాడు నాయుడు. చిల్లంగి అంటే చేతబడి. "మా సూరమ్మ పిన్ని సేసింది. బండి కడతంటే ఎదురొచ్చి 'ఏపుగా పండిందిరా' అంది. అప్పట్నుంచే ఈ వొణుకు. తూకం అవనీ, ఊరెల్లి దాని పళ్ళు పీకించేస్తాను."

అది ఉత్త బెదిరింపు కాదు. పళ్ళు పీకితే మంత్రం పలకదని మా ప్రాంతంలో నమ్మకం, ఆ పేరుతో నోళ్ళు బద్దలు కొట్టించుకున్న ముసలమ్మలున్నారు. ఈ చిల్లంగి విద్య ఎప్పుడూ దిక్కులేని విధవరాళ్ళకే ఎందుకొస్తుంది? పదెకరాల ఆసామికి ఒక్కడికీ రాదేం? నాకు ఒళ్ళు మండిపోయింది.

"అంత మంత్రం వస్తే మీ పిన్ని తన ఇంటికప్పు కారకుండా ఆపుకోదా?" అని నిలదీశాను. బెంచీల మీద రోగులు నవ్వారు. అరగంట వాదించాను, ప్రతి మాటా గెలిచాను. నాయుడు మాత్రం ఒక్క ముక్క వినలేదు. "మీకు సదువెక్కువైంది సిస్టరమ్మా" అని వణుకుతూనే కూర్చున్నాడు.

ఇంతలో ఎద్దు అంబా అంది. నాయుడు దిగ్గున లేచాడు. "కుడితి ఏలయింది!"

అప్పుడు తట్టింది నాకు. "ఎద్దు సరే, నువ్వెప్పుడు తిన్నావు?"

"టీ తాగేను."

"మూడ్రోజులై టీలూ బీడీలేనమ్మా" అన్నాడు సన్యాసిరావు. "కన్ను మూస్తే వంతు పోద్దని కూకునే ఉన్నాడు."

"నాయుడూ, నీ ఎద్దు మూడు రోజులు మేతా నిద్రా లేక వణికితే ఏం చేస్తావు? సూరమ్మ పళ్ళు పీకుతావా?"

తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. "ఏటి సిస్టరమ్మా! ముందు కాడి దింపుతాను. కుడితెడతాను. నీడన కట్టేస్తాను."

"మరి నీ కాడెవరు దింపుతారు?"

నాయుడు నోరు తెరిచేలోగా సన్యాసిరావు అందుకున్నాడు. "నాను దింపుతానులే. ఒరే, నీ బండి నాను తోలతాను. తినేసి తొంగో, ఎదవా!"

మా క్లినిక్ ఆయా గంజన్నంలో మజ్జిగ పోసి ఉల్లిపాయ వేసి పెట్టింది. నావైపు కూడా ఒక గిన్నె తోసింది. "మీరూ పొద్దున్నుంచి తిన్లేదు. అందుకే అంత గొంతు లెగిసింది."

నాయుడు రెండుసార్లు అడిగి తిన్నాడు. సాయంత్రందాకా పెట్టిన గురకకి పక్క మంచం పాప కిలకిలా నవ్వుతూనే ఉంది. లేచేసరికి చేతులు నిలకడగా ఉన్నాయి. వాటినే కాసేపు చూసుకున్నాడు. "అమ్మ పోయినాక పిన్నే అన్నం ఎట్టింది. ఏటనేసేను సిస్టరమ్మా నాను!" అన్నాడు. ఉదయం చెప్పినదంతా మళ్ళీ చెప్పాను. ఈసారి విన్నాడు.

మూఢనమ్మకంతో పోట్లాట నేను మానలేదు, మానను. కానీ తిండీ నిద్రా లేని మనిషి భయంతో వాదించి లాభం లేదని ఆనాడు నేర్చుకున్నాను. మొదట అన్నం, నిద్ర, పని పంచుకునే ఒక తోడు. తర్కం ఆ తర్వాత.

వారం తిరక్కుండా నాయుడు సూరమ్మని బండిమీద తెచ్చి, బీపీ చూడమన్నాడు. ఆవిడ చెరకుముక్క పంటితో చీల్చి, పటుక్కున కొరికి, నోరంతా తెరిచి నాకు చూపించింది.

"ఈ పళ్ళేనమ్మా ఈడు పీకుతానన్నవి! సూడు, ఒక్కటైనా కదుల్తందేమో!"