ఇద్దరికీ కలిపి ఒక ముక్కు

సెంబవాంగ్‌లో మా ఇంటి వెనక, కిటికీలు పెట్టి మూసిన వసారాలో కట్టెలతో మండే ఇనుప పొయ్యి ఒకటి ఉంది. మొదటిసారి చూసినవాళ్ళు నవ్వుతారు. ఏడాది పొడుగునా చెమటలు కారే ఊళ్ళో ఈ కొలిమి ఏమిటంటారు. శనివారం పొద్దున వచ్చినవాళ్ళయితే, దాని మీద కాగిన నీళ్ళతో తలంటు పోసుకుని, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారని అడిగి మరీ వెళ్తారు.

పొయ్యి చేసింది మా ఆయన. షిప్‌యార్డులో ముప్ఫై నాలుగేళ్ళు ఇనుప రేకులు అతికి రిటైరయ్యారు. ఆయన పెద్దలది శ్రీకాకుళం వైపు. పుట్టింది సముద్రం ఇవతల ఇక్కడే అయినా మాట మాత్రం ఆ వైపుదే. రిటైరైన ఏడాది డిసెంబరు వానల్లో నాకు మోకాళ్ళు పట్టేశాయి. హీటరు నీళ్ళు ఒంటిని తడుపుతాయి గాని ఎముక దాకా పోవని ఒకసారి అన్నాను. ఒక్కసారే అన్నాను. ఫిబ్రవరి మొదటి వారానికి పొయ్యి తయారైంది. నడుమెత్తు ఇనుప పెట్టె, లోపల వేడికి ఆగే ఇటుకలు, ముందు ఒక తలుపు, పైన రాగి కాగు కూర్చోవడానికి ఒక వలయం, వెనక నుంచి రేకుల కప్పుని దాటి నిటారుగా పైకి పోయే పొగగొట్టం.

"నువ్వు అడిగితేనే కదా సేసినాను" అంటారు ఇప్పటికీ.

"నేను అడగలేదు, అన్నాను" అంటాను నేను.

ఎన్ని ఓడలు అతికారో ఆయనకే లెక్క లేదు. వాటిలో ఒక్కటీ ఇంటికి రాలేదు. ఇంటికని చేసింది ఇది ఒక్కటే.

చెయ్యడం ఆయన వంతు అయింది కనుక వెలిగించడం నా వంతు చేసుకున్నాను. ఆయన్ని దగ్గరికి రానివ్వను. పొయ్యి అనగానే ఆయనకు ఓడ బాయిలరు గుర్తొస్తుంది, నోటి నిండా కట్టెలు కుక్కుతారు. మంటకు కట్టె ఎంత తిండో గాలీ అంతే తిండి. పెట్టె సగానికి మించి నింపకూడదు. పొయ్యి చుట్టూ మూడున్నర అడుగుల మేర ఇటుక నేల తప్ప ఇంకేమీ ఉండకూడదు. మా పెరటి రంబుతాన్ పళ్ళచెట్టు కొమ్మలూ, వీధిలో వాళ్ళు కొట్టించిన కొమ్మలూ మూరెడు ముక్కలు చేసి రేకు కింద ఏడాదికి పైగా ఆరబెడతాను. రెండు కట్టెలు ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమనాలి. మెత్తగా పలికితే లోపల ఇంకా నీళ్ళున్నాయని అర్థం. పచ్చి కట్టె కాలిస్తే గొట్టం లోపల మసి తారులా మెరుస్తూ పట్టుకుంటుంది, ఏదో ఒకనాడు గొట్టమే అంటుకుంటుంది. సామాన్లు మోసే పాత చెక్కపలకలు ఎవరైనా ఊరికే ఇస్తామన్నా వద్దంటాను, వాటికి ఏ మందు పట్టించారో మనకు తెలియదు. కిరోసిన్ అసలు ఇంట్లోనే ఉంచను. బూడిద మూత ఉన్న ఇనుప బకెట్లోకి తీసి మూడు రోజులు ముట్టుకోను. పక్కింటావిడ బట్టలు ఆరేసి ఉంటే ఆ పూట మంట లేదు.

ఇన్ని కొలతలు పెట్టుకున్నా, నేను లోలోపల నమ్ముకున్నది నా ముక్కునే. కట్టె తడిగా ఉంటే పుల్లటి వాసన. మసి పేరుకుంటే కమురు వాసన. గుడ్డ వేడెక్కితే పొగ రాకముందే ఇస్త్రీపెట్టె వాసన. వంటింట్లో పప్పు కలుపుతూ, వసారాలో పొయ్యి ఏ స్థితిలో ఉందో చెప్పగలిగేదాన్ని. మా ఆయన దీన్ని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవారు. "మా ఆవిడ ముక్కు పోలీసు కుక్కకి కూడా నేదు" అనేవారు. పొగడ్తే అనుకుని ఊరుకునేదాన్ని.

కిందటి సంవత్సరం కార్తీకంలో ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చింది. ఆయనకు నాలుగు రోజుల్లో తగ్గింది. నాకూ తగ్గింది గాని పోతూ పోతూ నా వాసన పట్టుకుపోయింది. కాఫీ వేడినీళ్ళయింది. సాంబ్రాణి వేస్తే కళ్ళు మండాయి తప్ప ఇంకేమీ తెలియలేదు. డాక్టరమ్మ తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అంది. ఆ సంగతి కూతురికి చెప్పవద్దని ఆయనతో అన్నాను.

ఒంట్లో ఓపిక వచ్చాక మొదటి శనివారం పొయ్యి వెలిగించాను. మంట చక్కగా పట్టింది. స్టూలు మీద కూర్చుని కుంకుడుకాయలు చితక్కొడుతున్నాను. అప్పుడే మా అమ్మాయి బెడోక్‌లో తన ఇంటి నుంచి వచ్చింది. రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు, యాభై దాటిన మనిషి, నడక నా నడకే. వీధి గుమ్మంలోంచే కేక పెట్టింది.

"అమ్మా! ఏంటీ స్మెల్? ఏదో కాలుతోంది!"

"ఏం కాలుతోంది? కట్టెలు కాలుతున్నాయి."

పరుగెత్తుకొచ్చి నా వెనక కుర్చీ మీంచి తువ్వాలు లాగింది. ఒక చెంగు గోధుమరంగుకి తిరిగి, అంచున ఎర్రగా రవ్వ పాకుతోంది. నాకూ దానికీ మధ్య బారెడు దూరం కూడా లేదు.

"నీకు వాసన రాలేదా? నిజం చెప్పు."

చెప్పాల్సి వచ్చింది. తువ్వాలు బకెట్లో ముంచి, తండ్రి వైపు తిరిగింది.

"కుర్చీ ఇక్కడికి ఎవరు తెచ్చారు నాన్నా?"

"అదే నడిసొచ్చినట్టుంది" అన్నారు ఆయన, ఇటుక నేల వైపు చూస్తూ.

అమ్మాయి నవ్వలేదు. వచ్చే నెలాఖరుకి వసారాలో టైల్స్ వేసే మనిషి రావాలి. అతనితోనే పొయ్యి కూడా తీయించేద్దామంది. నేను కాదన్నాను. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆఫీసు పని మీద తను ఊళ్ళు తిరిగి వచ్చేదాకా నేను పొయ్యి వెలిగించకూడదు. వచ్చాక ఒక శనివారం తన ఎదురుగా మొదటి నుంచి చివరిదాకా వెలిగించి చూపించాలి. వాసన చూసే పని నాన్నది. ఏ ఒక్కటి తేడా వచ్చినా పొయ్యి వెళ్ళిపోతుంది.

ఆరు శనివారాలు హీటరు నీళ్ళు పోసుకున్నాను. మాటిస్తే ఇచ్చినట్టే.

ఆ ఆరు వారాలూ ఆయన ముక్కుకి చదువు చెప్పాను. భోజనాలయ్యాక ఆయన్ని కళ్ళు మూసుకోమని, ఒక్కో వస్తువు ముక్కు దగ్గర పెట్టేదాన్ని. ఎండిన రంబుతాన్ పేడు.

"ఇదేమిటి?"

"కట్టె."

నానబెట్టిన పేడు.

"ఇది?"

"తడి కట్టె."

"తడి అని చేతికి తగిలి చెప్తున్నారు. వాసన చెప్పండి."

"వాసనకి మాటలేటే? కట్టె కట్టె వాసనేస్తాది."

"పుల్లగా ఉందా, తియ్యగా ఉందా?"

బాగా ఆలోచించి, "మీ అన్నయ్య బూట్లు ఇప్పినట్టుంది" అన్నారు.

మా అన్నయ్య బూట్ల సంగతి నాకూ తెలుసు. ఆ పోలిక సరైనదే. ఆ రోజు నుంచి ఆయన దారిలోనే నేర్పాను. కమిలిన గుడ్డ, ఇస్త్రీవాడి కొట్టు. మసి, పాత ఓడ అడుగు. రంగు పూసిన చెక్క కాలితే, షిప్‌యార్డులో మధ్యాహ్నం. కాఫీ వాసన ఎలా ఉందని మధ్యలో ఊరికే అడిగేదాన్ని. చేతిలో కప్పు పెట్టుకుని, నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆయన చాలా కష్టపడేవారు. యాభై మూడేళ్ళ సంసారంలో ఆయన అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

అమ్మాయి వస్తానన్న శనివారం తెల్లారేసరికి వాన. ఏడింటికల్లా వచ్చింది. సంచిలోంచి తెల్లటి బిళ్ళలాంటి యంత్రం తీసి గోడకి పెట్టింది.

"పొగ బయటికి పోకపోతే గదిలో ఒక గ్యాస్ నిండుతుందట అమ్మా. దానికి వాసనే ఉండదట. ఇది అరుస్తుంది."

కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకోకూడదని మా అమ్మ చెప్పేది. అందులో చంపేది వాసన లేనిదని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. పోలీసు కుక్క ముక్కు కూడా అక్కడ గుడ్డిదే.

ఆయన బుద్ధిగా పీట మీద కూర్చున్నారు. మెడకు మఫ్లరు చుట్టుకున్నారు. వాన కదా అనుకున్నాను. నేను పెట్టెలో పాత బూడిద ఒక అంగుళం ఉంచి మిగతాది తీసేశాను. పెద్ద కట్టెలు రెండు పక్కల, మధ్య సందు వదిలి చితుకులు పేర్చాను. గాలి మూత పూర్తిగా తెరిచాను. కాగు నింపాను. అమ్మాయి చేతులు కట్టుకుని, ఆఫీసులో ఎవరినో పరీక్ష చేస్తున్నట్టే చూస్తోంది.

చితుకులకు అంటించే ముందు నేనొక పని చేస్తాను. వార్తాపత్రిక ముక్క ఒకటి మెలిపెట్టి, వెలిగించి, గొట్టం మొదట్లో పట్టుకుంటాను. గొట్టం ఆ పొగను తాగాలి. తాగితేనే మిగతా మంట.

తాగలేదు. పొగ వంగి, నా చేతి మీదుగా వసారాలోకి వచ్చింది.

చాలా రోజులు వాడని గొట్టం చల్లబడి ఉంటుంది, మొదటి కాగితాన్ని ఒక్కోసారి తిప్పికొడుతుంది. రెండో కాగితం వెలిగించి ఇంకాస్త సేపు పట్టుకున్నాను. అదీ అంతే. నెమ్మదిగా, మెలికలు తిరుగుతూ నా మొహం మీదికే వచ్చింది. కళ్ళు మండాయి.

"ఏం వాసనండీ?" అన్నాను ఆయన వైపు తిరగకుండా.

"బాగుంది."

"బాగుండడమేమిటి?"

"అంతా బాగుంది. వెలిగించీయే." గొంతు తగ్గించి, "కాసింత పొగ ఎప్పుడూ వస్తాది. కిటికీ తీసీద్దాం. ఇయ్యాల తప్పితే మరి దక్కదు" అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. వెలిగిస్తే చితుకులు అంటుకుంటాయి, మంట కనబడుతుంది, కాసేపు అందరం దగ్గుతాం, పరీక్ష గట్టెక్కినా ఎక్కవచ్చు. వెలిగించకపోతే ఆయన చేసిన పొయ్యిని టైల్స్ మనిషి గునపంతో ఊడదీస్తాడు. అగ్గిపెట్టె నా చేతిలోనే ఉంది.

కాని గొట్టం వద్దంటోంది. కాగితం ముక్క పొగే మోయలేనిది అంత కట్టె పొగను ఏం మోస్తుంది?

"ఈ రోజు మంట లేదు" అన్నాను.

"అంటే?" అంది అమ్మాయి.

"అంటే లేదు. వెలగనివ్వను. గొట్టంలో ఏదో అడ్డం ఉంది."

గొట్టం అడుగున మసి తీయడానికి అరచేయంత తలుపు ఉంది. బొట్టు పెట్టుకునే చిన్న అద్దం తెచ్చి అందులోంచి ఏటవాలుగా లోపలికి పెట్టాను. గొట్టం బాగుంటే అద్దంలో ఆకాశం డాలరు బిళ్ళంత గుండ్రంగా కనబడాలి. మబ్బు రోజునైనా బూడిదరంగు బిళ్ళ కనబడుతుంది. ఏమీ కనబడలేదు. కాటుక డబ్బాలోకి చూసినట్టుంది.

అద్దం వెనక్కి తీశాను. అప్పుడే పైనుంచి సన్నగా, కీచుగా, కోపంగా ఒక అరుపు వినిపించింది. తర్వాత ఇంకొకటి.

అమ్మాయి గొడుగు కూడా తీసుకోకుండా పెరట్లోకి వెళ్ళి, నిచ్చెన వేసుకుని, వద్దంటున్నా ఎక్కింది. గొట్టం టోపీ కింద పిట్టలు రాకుండా ఆయన కట్టిన జల్లెడ ఒక పక్క తుప్పు పట్టి ఊడిపోయింది. ఆ సందులోంచి గడ్డి, ప్లాస్టిక్ కాగితాలు, ఎవరిదో జడ రిబ్బను.

"మైనా గూడమ్మా! మూడు పిల్లలు! ఎంత నోళ్ళు తెరుస్తున్నాయో!"

"పొగకి ఏమైనా అయ్యాయా?"

"ఏం కాలేదు. నన్ను తిడుతున్నాయి."

"అయితే దిగు. ఆ నిచ్చెన రెండో మెట్టు మంచిది కాదు."

తడిసి ముద్దయి దిగింది. తువ్వాలు ఇచ్చాను. తల తుడుచుకోకుండా అలాగే నా ఎదురుగా నిలబడింది.

"నీకు ఆ పొగ వాసన రాలేదు కదా?"

"రాలేదు."

"మరి నాన్నా, మీకు? ఇక్కడ అంత పొగ ఉంటే బాగుందంటారేంటి?"

ఆయన మఫ్లరు సర్దుకున్నారు. ఏదో అనబోయి, అనకముందే పెద్దగా తుమ్మారు. తర్వాత ఇంకో రెండు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"లచ్చివారం నుంచి" అన్నారు. "ముక్కు మొత్తం మూసీసింది. సెప్తే నువ్వు పరీచ్చ వాయిదా ఏస్తావు. టైల్స్ వోడు ఆగడు కదేటే."

రెండు రోజులు నా పక్కనే తిరుగుతూ, నేను ముక్కు దగ్గర పెట్టిన ప్రతి పేడుకీ "ఇస్త్రీవాడి కొట్టు", "ఓడ అడుగు" అని గుర్తున్నవి గుర్తున్నట్టు అప్పజెప్పిన మనిషికి మఫ్లరు ఇంకో చుట్టు చుట్టాను. అమ్మాయికి మాత్రం నవ్వాగలేదు. నిచ్చెనకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇద్దరికీ కలిపి ఒక ముక్కు. అది కూడా పని చెయ్యదు. మీ ఇద్దరినీ పెట్టుకుని నేను..." అంది. మాట పూర్తి చేయకుండా వంటింట్లోకి వెళ్ళి గ్యాస్ మీద నీళ్ళు పెట్టింది. గిన్నె తరవాత గిన్నె కాచి, నాకు తనే తలంటింది. కుంకుడు రసం కళ్ళలో పోసింది, నీళ్ళు ఒకసారి చల్లగా, ఒకసారి మరిగిపోతూ ఉన్నాయి. చెప్తూనే ఉన్నాను. "నోరు మూసుకోమ్మా, నురగ పోతుంది" అంది. నా తల ఆరబెడుతూ, "ఇంకొకళ్ళయితే నా ఎదురుగా వెలిగించేసేవాళ్ళు" అంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక టైల్స్ మనిషికి ఫోన్ చేసింది. నేను పక్కనే కూర్చుని తమలపాకులు తుడుస్తున్నాను.

"అంకుల్, ఆ స్టవ్ తీయొద్దు. అలాగే ఉంచండి, చుట్టూ టైల్స్ వేయండి. యెస్, చుట్టూ ఇటుక వదిలేసి." ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగింది. "ఎంత వదలమనాలి?"

"మూడున్నర అడుగులు. కాని నాలుగని చెప్పు. నాలుగంటేనే వీళ్ళు మూడున్నర వదులుతారు."

అది ఒక క్షణం నన్ను చూసి, ఫోన్‌లో, "ఫైవ్ ఫీట్, అంకుల్. ఒక్క ఇంచ్ తగ్గినా మా అమ్మ టేపు పట్టుకుని వస్తుంది" అంది.

నేను నాలుగే అన్నాను.