గొడుగు దగ్గర అడగండి

మరియదాసు మాస్టారిని ఏం అడిగినా దారి చెబుతారు. ఒంట్లో ఎలా ఉందండీ అంటే, పొద్దున ఏ సందులోంచి వచ్చారో చెబుతారు. నొప్పి ఎక్కడని డాక్టరు అడిగితే, "మోకాలి దగ్గర మొదలై, పిక్క మీదుగా నేరుగా దిగి, మడమ రాకముందే ఎడమకు తిరగండి" అన్నారు. మేనకోడలి పెళ్లిలో వధూవరుల్ని దీవించమని మైకిస్తే, భోజనాల హాలుకు అడ్డదారి చెప్పి దిగిపోయారు. ఆ సాయంత్రం అంత పనికొచ్చిన ప్రసంగం మరొకటి లేదని అందరూ ఒప్పుకున్నారు.

విజయవాడ గుణదలలో ఓ డిగ్రీ కాలేజీలో ఆయన స్టాటిస్టిక్స్ చెబుతారు. ఈసారి పదిమందైనా చేరకపోతే ఆ కోర్సు ఎత్తేస్తామని ప్రిన్సిపల్ తేల్చి చెప్పేశారు. అదే వేసవిలో కాలేజీ వెబ్‌సైట్లో కోర్సుల పేజీలన్నీ కొత్తగా చేసే పని, గవర్నర్‌పేటలో డిజైన్ ఆఫీసు నడిపే భానుశ్రీకి వచ్చింది. మిగతా డిపార్టుమెంట్ల వాళ్లు 'ప్రపంచస్థాయి' అనే మాటా, మైక్రోస్కోపులోకి చూసి నవ్వుతున్న ఏ దేశపు పిల్లదో ఫొటోనూ పంపారు. కామర్స్ వాళ్లూ మైక్రోస్కోపే పంపారు.

మాస్టారు మాత్రం 'ఈ కోర్సే ఎందుకు చదవాలి?' అన్నదాని కింద, గుణదలలో ఎక్కడ దిగాలో రాసి పంపారు. "మేరీమాత కొండ దగ్గరపడుతోందంటే దారి తప్పారన్నమాట. ఎలాగూ వచ్చారు కాబట్టి ఓ కొవ్వొత్తి వెలిగించి వెనక్కి రండి."

భానుశ్రీ తల పట్టుకుంది. దారికి మ్యాపుంది కదా అంది. ఆ మ్యాపు జనాన్ని వెనక గేటుకు తీసుకెళ్తుందనీ, దానికి తాళం వేసి ఏళ్లయిందనీ ఆయన చెప్పారు. ఆ గేటుకు ఎలా వెళ్లాలో కూడా చెప్పారు. పోనీ, కోర్సులో ఏం నేర్పుతారో రాయమంది. రాశారు. "సగటు దగ్గర ఎక్కుతారు. ప్రాబబిలిటీ దగ్గర కుదుపులుంటాయి, చాలామంది దిగిపోదామనుకుంటారు. దిగొద్దు. అది దాటితే రోడ్డు బాగుంటుంది."

ఇది కోర్సా, సిటీ బస్సా అని ప్రిన్సిపల్ అడిగారట. గడువు ముంచుకొస్తుండటంతో అలాగే ఉంచేశారు. ఒక్క వాక్యం దగ్గర మాత్రం భానుశ్రీ మొండికేసింది. 'సందు మొదట్లో నల్లగొడుగుతో ఓ బట్టతలాయన ఉంటారు, అడగండి.'

"మనిషిని గుర్తుగా ఎలా పెడతాం మాస్టారూ? కదిలి వెళ్లిపోతాడుగా."

"కదలడమ్మా." ఆ వాక్యమూ పేజీలో ఉండిపోయింది.

అడ్మిషన్ల చివరి రోజు ఫొటోలు తీసుకోవడానికి వచ్చిన భానుశ్రీ, సందు మొదట్లోనే స్కూటీ ఆపేసింది. నడినెత్తిన ఎండ. నల్లగొడుగు. దాని కింద మాస్టారు. ఏటా ఈ రోజుల్లో ఆయన ఇక్కడే నిలబడతారని పక్కన సోడాబండి అతను చెప్పాడు. పల్లెల నుంచి మొదటిసారి వచ్చినవాళ్లు తాళం వేసిన గేటు చూసి, ఎవర్నీ అడగడానికి మొహమాటపడి తిరుగు బస్సెక్కేస్తుంటే ఆయన చూడలేకపోయారట.

మాస్టారి కోర్సులో చేరినవాళ్లు తొమ్మిదిమంది దగ్గరే ఆగారని భానుశ్రీకి తెలుసు. అంతలో అవనిగడ్డ నుంచి తండ్రితో వచ్చిన బ్లెస్సీ అనే అమ్మాయి, కంప్యూటర్స్‌లో చేరడానికి ఎటు వెళ్లాలని అడిగింది. మాస్టారు మలుపు మలుపూ చెప్పి పంపించారు.

"మీ కోర్సు గురించి ఒక్క ముక్క చెప్పొచ్చుగా మాస్టారూ?" అని భానుశ్రీ విసుక్కుంది.

"దారి అడిగారమ్మా. దారి అడిగినవాళ్లని మనింటికి తీసుకుపోతామా?"

కాసేపటికి బ్లెస్సీ మళ్లీ వచ్చింది. క్యూలో నిలబడి ఫోన్లో మిగతా పేజీలు కూడా చదివిందట.

"సార్, దిగొద్దన్న కోర్సు ఎక్కడండీ?"

మాస్టారు నోరు తెరిచారు. ఎడమా రాలేదు, కుడీ రాలేదు. గొడుగు భానుశ్రీ చేతిలో పెట్టి, "కదలకమ్మా" అన్నారు. "పద తల్లీ" అంటూ తనే ముందు నడిచారు.

అప్పుడే ఆటో దిగిన ఒకాయన ఫోను చూసి, భానుశ్రీ జడ చూసి, మళ్లీ ఫోను చూశాడు.

"ఇక్కడ బట్టతలాయన ఉంటారని రాశారే?"

భానుశ్రీ గొడుగు సర్దుకుంది. "కొత్తగా డిజైన్ చేశామండీ. మీరెటు వెళ్లాలి?"